గోడ దాటని ఏడుపు

లాంగ్‌బర్న్ ఊళ్లో పుట్టే ప్రతి బిడ్డనూ మొదట తాకేవి మంత్రసాని హవీస్ చేతులు. చచ్చిన వాళ్లను చివరగా తాకేవి ఆమె మొగుడు ఆస్బర్ట్ చేతులు. చర్చి దొడ్లో గోతులు తవ్వడం అతని పని. ఊరంతా మనిద్దరి మధ్యే బతుకుతోందని అతను నవ్వేవాడు. హవీస్‌కు నవ్వొచ్చేది కాదు. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే.

కోటలో ఇసోల్డా దొరసానికి నొప్పులు మొదలయ్యాయి. భూములన్నీ ఆమె పుట్టింటివి. ఆమె పోతే, బిడ్డ పుట్టి నాలుగు గోడల మధ్య ఏడ్చినట్టు రుజువైతేనే ఆమె మొగుడు ఫుల్క్ దొర బతికినన్నాళ్లూ వాటిని అనుభవిస్తాడు. లేదంటే అవి వెంటనే ఆమె చిన్నాన్న కొడుకు రాల్ఫ్‌కు పోతాయి. ఆ ఏడుపుకు ఆడదాని సాక్ష్యం చెల్లదు. పురిటి గదిలోకి మగవాడు రాకూడదు. అందుకని తలుపు బయట మగాళ్లు చెవులు రిక్కించుకుని నిలబడతారు. ఈ చట్టం పెట్టిన మహానుభావుడు ఒక్క పురుడైనా చూసి ఉండడు. అక్కడున్నదంతా ఫుల్క్ మనుషులే కాబట్టి, అబద్ధమాడడని పేరున్న ఆస్బర్ట్‌ను కూడా నిలబెట్టాలని రాల్ఫ్ పట్టుబట్టాడు.

బిడ్డ బయటపడగానే తల్లి ప్రాణం పోయింది. ఆడపిల్ల. కళ్లు తెరిచి హవీస్ మొహంలోకి చూసింది. పిల్లికూనలా ఒక్కసారి సన్నగా ఏడ్చింది. హవీస్ గబగబా నీళ్లు చల్లి, జోన్ అని పేరు పెట్టి బాప్తిస్మమిచ్చింది. ఫాదర్ అందుబాటులో లేనప్పుడు మంత్రసాని ఇచ్చినా అది చెల్లుతుంది. నుదుటి మీద తడి ఆరకముందే బిడ్డ పోయింది. ఆస్బర్ట్ ఆ పసిదాన్ని చర్చి దొడ్లో పాతిపెట్టాడు.

భూముల తగువు తేల్చడానికి న్యాయాధికారులు ఊళ్లోకి వచ్చిన రోజు పొద్దున హవీస్ మొగుడి ముందు గంజి పెట్టి కూర్చుంది.

"ఏడుపు విన్నానని చెప్పయ్యా."

"నాకు వినపడలేదే."

"నేను విన్నాను కదా. నా చేతుల్లోనే ఏడ్చింది."

"నువ్వు విన్నావు. ప్రమాణం చేయాల్సింది నేను. సువార్త మీద చెయ్యేసి అబద్ధమాడి నరకానికి పొమ్మంటావా?"

"భూములు ఎవడికి పోతే నాకేంటి? ఏడవలేదంటే చచ్చి పుట్టిందంటారు. చచ్చి పుట్టినదానికి బాప్తిస్మం లేదంటారు. ఆ పిల్లను చర్చి మట్టిలో ఉండనివ్వరు."

"చాల్లేవే. అంత దూరం ఎవరు పోతారు?" అని గంజి తాగేసి లేచాడు.

ఫుల్క్ మనుషులంతా విన్నామన్నారు. ఆస్బర్ట్ ఒక్కడే వినలేదన్నాడు. దొర ఉప్పు తిన్నవాళ్ల మాటను కాదని న్యాయాధికారులు అతన్నే నమ్మారు. అతను చెప్పింది నిజమేనని హవీస్‌కు తెలుసు. తెలిసే అసహ్యించుకుంది.

బిడ్డ చర్చి దొడ్లోనే ఉంటే బతికి పుట్టిందనడానికి అదే రుజువవుతుంది. తీర్పు మళ్లీ తిరగబడకుండా రాల్ఫ్ వెళ్లి చర్చి ఫాదర్‌ను కలిశాడు. ఫాదర్ ఆస్బర్ట్‌ను పిలిపించి, చచ్చి పుట్టిన బిడ్డకు పవిత్ర భూమిలో చోటు లేదు, తవ్వి బయటికి తియ్యమన్నాడు.

"బతికుండగా నేనే బాప్తిస్మమిచ్చాను, ఫాదర్," అంది హవీస్.

"నీ మొగుడే కదమ్మా వినలేదని చెప్పింది," అన్నాడాయన.

చర్చి గోడ బయట దురదగొండి మధ్య ఆస్బర్ట్ కొత్త గొయ్యి మొదలుపెట్టాడు. తవ్వి తీసిన బిడ్డ మూటను హవీస్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి అతను పార ఆపాడు.

"నిజంగా కళ్లు తెరిచిందా?"

"తెరిచింది."

"నేను వెళ్లి చెప్తానే. విన్నానని చెప్తాను."

"ఇప్పుడు నీ మాట ఎవడికి కావాలి? తవ్వు. లోతుగా తవ్వు, ఇటు కుక్కలు తిరుగుతాయి."