చెప్పులతో వచ్చిన రోగం

జమ్మలమడుగులో మా చెల్లెలి ఇంట్లో కుక్కపిల్ల రక్తవిరేచనాలతో పడివుందని ఫోనొస్తే, ప్రొద్దుటూరు నుంచి బండి మీద వెళ్లాను. పెద్ద ఆపద్బాంధవుణ్ని మరి! వెళ్లి చేసిందేమీ లేదు. స్నానాలగది మూలలో పడివున్న దాన్ని చూసి, ఆ వాసనకు ముక్కు మూసుకుని, నేల మీద రెండు బకెట్ల నీళ్లు పోశాను. మధ్యాహ్నానికి అది చచ్చిపోయింది. చెల్లెలిని ఓదార్చి, అన్నం తిని, సాయంత్రానికి ఇంటికొచ్చాను.

మనిషి పోయిన ఇంటికెళ్లి వస్తే మా ఆవిడ నన్ను గేటు బయటే ఆపి కాళ్ల మీద నీళ్లు పోస్తుంది. చెప్పులు కూడా కడిగిస్తుంది. ఆ రోజూ నీళ్లు తేవాలా అని అడిగింది.

"కుక్క సచ్చినా మైలేనా?" అని నవ్వాను. ఆమె కూడా నవ్వింది.

చెప్పులు గడప దగ్గర విడిచి లోపలికి నడిచాను. మా కుక్కపిల్ల రోజూలాగే ఒక చెప్పును కరుచుకుని తన గోనెపట్టా మీదికి లాక్కెళ్లింది. దానికప్పుడు రెండున్నర నెలలు. వేయించాల్సిన టీకా వేయించలేదు. వచ్చే వారం, వచ్చే వారం అంటూ నెల గడిపాను.

ఆ పిల్లను వేములలోని పుట్టింటి నుంచి మా ఆవిడే తెచ్చుకుంది. పులివెందుల నుంచి ఇక్కడికి బదిలీ అయ్యాక నాకు ఆఫీసన్నా ఉంది, ఆమెకు ఈ వీధిలో పలకరించే మనిషి లేదు. పిల్ల వచ్చాకే పక్కింటామె గోడ దగ్గరికి రావడం మొదలైంది. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు. తను నమాజు చేసుకునే మనిషి కాబట్టి కుక్కను ముట్టుకునేది కాదు, అటువైపే నిలబడి దాంతో ముచ్చట్లాడేది. మా ఆవిడ నవ్వు చాన్నాళ్లకు మళ్లీ ఆ గోడ దగ్గరే విన్నాను.

నేను జమ్మలమడుగు నుంచి వచ్చిన ఆరో రోజు పిల్ల పాలు ముట్టలేదు. నురుగు కక్కింది. ముందురోజు పక్కింటామె గోడ మీద నుంచి ఒక మాంసపు ఎముక వేసిందట. ఇంకేం కావాలి? ఆ బొక్క అరగలేదని అందరూ తేల్చేశారు. నేనూ తల ఊపి, మెడికల్ షాపు నుంచి మనుషుల మాత్ర తెచ్చి పెరుగులో కలిపి తాగించాను. అలా ఒక రోజు పోగొట్టాను. మర్నాడు రక్తం పడింది. ఆ వాసన నాకు తెలుసు. అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది.

ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఒక్కణ్నే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు చిగుళ్లు చూసి టీకా సంగతి అడిగాడు. వేయించలేదని, బొక్క తిన్నదని చెప్పాను. ఇది పార్వో అనే వైరస్ అన్నాడు. కుక్కల పేగుల లోపలి పొరను తినేస్తుందట. రోగమున్న కుక్క పెంట పడిన చోట నెలల తరబడి బతుకుతుందట, ఫినాయిల్‌కు కూడా చావదట, బ్లీచింగ్ నీళ్లు పోయాలట. ఈ మధ్య అట్లాంటి కుక్క దగ్గరికి వెళ్లారా అని అడిగాడు. జమ్మలమడుగు సంగతి చెప్పాను.

"బొక్కదేం లేదప్పా. నీ చెప్పులకంటుకోని వచ్చింటాది," అన్నాడు.

తిట్టలేదు. తిట్టివుంటే బాగుండేది, నేనూ తిరిగి నాలుగు తిట్టేవాణ్ని.

ఆ సాయంత్రం మా ఆవిడ చూడకుండా చెప్పుల్ని బ్లీచింగ్ నీళ్లలో ముంచాను. మూడు రోజులు సెలైన్ ఎక్కించాం. నాలుగో రోజు పొద్దున పిల్ల ఆమె ఒళ్లోనే ప్రాణం విడిచింది. పెరట్లో నేను గుంట తవ్వుతుంటే ఆమె గోడ దగ్గరికి వెళ్లి, పక్కింటామెతో ఒకే మాట అంది.

"నువ్వేసిన బొక్కే దాన్ని సంపింది."

నేను అక్కడే ఉన్నాను. డాక్టరు మాట నాలుక చివరే ఉంది. మింగేశాను. మా ఆవిడ ఇక నన్ను మునుపటిలా చూడదని భయపడ్డాను. నా పిరికితనం నాకు కొత్తదేమీ కాదు, కానీ ఇంకొకరి నెత్తిన పెట్టి ఇంత సులువుగా ఎప్పుడూ తప్పించుకోలేదు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు.

వారం తర్వాత, మా ఆవిడ గుడికి వెళ్లిన సమయం చూసుకుని పక్కింటామె గేటు దగ్గరికొచ్చింది. తల మీద కొంగు సర్దుకుంది. అన్నం సయించడం లేదంది. కువైట్‌కు ఫోన్ చేసి భర్తకు చెప్పుకుని ఏడ్చిందట. నోరులేని జీవం ఉసురు తన పిల్లలకు తగులుతుందేమోనని ఆమె బెంగ.

"తెలీక ఏసినాన్నా. అక్కకు నువ్వన్నా జెప్పు," అంది.

ఇంట్లో ఎవరూ లేరు. వీధిలో ఎవరూ లేరు. ఒక్క మాట చెబితే ఆ మనిషి ఆ రోజు కడుపునిండా అన్నం తినేది.

"పోనీలేమ్మా, నువ్వు కావాలని ఏసినావా?" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుంది. క్షమించినందుకు నన్ను, నా ఇంటిని అల్లా చల్లగా చూడాలని దీవించి వెళ్లింది. మా ఆవిడ తిరిగొచ్చాక, ఆమె వచ్చి వెళ్లిందని కూడా చెప్పలేదు.