మాట వినని చేతులు

మంగళవారం పొద్దున మా జూడో మాస్టారు కన్నుమూశారు. సంచౌంగ్ బజారులో నా కుట్టుమిషను దగ్గరికి ఆయన చెల్లెలు వచ్చి, "అన్నయ్య ఎల్లిపోనాడమ్మా" అని నిలబడిపోయింది. చేతిలో ఉన్న లుంగీ అంచు చివరిదాకా కుట్టాకగాని నేను తలెత్తలేదు. ఎనిమిది నెలలుగా ఆయనతో నాకు మాటల్లేవు. ఎదురుపడితే మొహం తిప్పుకునేదాన్ని. ఆ సిగ్గు ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన తాత శ్రీకాకుళం వైపు నుంచి బర్మా వచ్చి ఇక్కడి రేవులో బియ్యం బస్తాలు మోశాడు. ఈయన ఓడల ఆఫీసులో గుమాస్తా అయ్యారు. కుర్రతనంలో, పని మీద వచ్చిన ఒక జపాను ఇంజినీరు దగ్గర జూడో నేర్చుకున్నారట. నలభై ఏళ్లు దాన్నే లత పేటలో ఒక గోదాము మేడమీద సాయంత్రాలు నేర్పారు. బర్మా పిల్లలు "సయా" అనేవారు, మేం "మాస్టారూ" అనేవాళ్లం. జూడోకి పరిచే జపాను చాపలు మాకెక్కడివి! ఏటి అవతల ట్వంటే నుంచి పడవలో వరిగడ్డి తెప్పించి, కాన్వాసులో కుక్కి పరుపులు చేయించారు. వాటి కుట్లు మొదట మా అమ్మవి, తర్వాత నావి.

నేను పన్నెండేళ్లప్పుడు చేరాను. నోటి దురుసు, చేతి దురుసు రెండూ నాకు నిండుగా ఉండేవి. ఆయన మెట్ల దగ్గరే నా మొహం చూసి, "ఏటమ్మా, ఇయాల కోపంగున్నావా? ఇంటికెల్లి అన్నం తినేసి రా, పో" అని వెనక్కి పంపేసేవారు. పాఠానికి ముందు అందరం తడిగుడ్డతో పరుపులు తుడవాలి. ఆయనా మాతో పాటే మోకాళ్ల మీద కూర్చుని తుడిచేవారు. నల్లబెల్టు వచ్చిన రోజున నేను గుడ్డ ముట్టుకోలేదు. ఆయనే నా వాటా కూడా తుడిచేశారు. చచ్చినంత పనయింది నాకు.

జూడోలో ఒక పద్ధతుంది. ఎదుటివాడి చెయ్యి పట్టులో బిగించినప్పుడు, వాడు నొప్పికి ఓర్చుకోలేక రెండుసార్లు తడితే తక్షణం వదిలేయాలి. చేత్తో తట్టినా సరే, కాలితో తట్టినా సరే. ఒకసారి నేను ఒక పిల్ల తట్టాక కూడా క్షణంసేపు బిగించి ఉంచాను, కావాలనే. ఆయన నన్ను నెల్లాళ్లు గోడవార కూర్చోబెట్టారు. "పట్టుకోడం ఎవులైనా పట్టుకుంతారు. ఒదలడం నేర్సుకో ముందు" అన్నారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లందరికీ ఆ అలవాటు ఎముకల్లోకి దిగిపోయింది. తర్వాత నా కొడుక్కీ దిగింది.

వాడికి ఇరవై రెండు నిండాయి. సైన్యంలోకి తీసుకునే కుర్రాళ్ల కోసం వార్డులో చీటీలు తీశారు. మా వాడి పేరు వచ్చింది. రెండు వారాల్లో హాజరు కావాలి. అంతకుముందు వెళ్లి తిరిగిరానివాళ్ల కబుర్లు మా వీధిలో అందరికీ తెలుసు. చెయ్యి పనికిరాకుండా పోతే వదిలేస్తారని ఎవరో చెప్పారు. ఇంకేం, నేను మాస్టారి ఇంటికి పరిగెత్తాను.

"మావోడి మోసెయ్యి ఇరిసేయండి మాస్టారూ" అన్నాను.

ఆయన లేచి వీధి తలుపు దగ్గరకి వేశారు. "ఏటంతన్నావో తెలిసే అంతన్నావా తల్లీ?"

"తెలిసే అంతన్నాను. మీరైతే ఒక్క దెబ్బకి పోద్ది. ఆడికి ఎక్కువ నొప్పుండదు."

"ఆదోరం పొద్దున తీసుకురా" అన్నారు.

ఆదివారం తలుపు గడియ పెట్టి ముగ్గురం పరుపులు తుడిచాం. వాళ్లిద్దరూ ఒకరికొకరు వంగి దండం పెట్టుకున్నారు. మా వాడు పళ్ల మధ్య తువ్వాలు పెట్టుకోబోతూ, "సయా, నాను తట్టినా ఒదలకండి" అన్నాడు. మాస్టారు వాడి మోచెయ్యి పట్టు బిగించారు. వాడి రెండో చెయ్యి పరుపు మీద తట్టింది. మాస్టారు వదిలేశారు. ఇద్దరూ తెల్లబోయి ఒకరినొకరు చూసుకున్నారు.

నేనేం చేశానో చెబుతాను, తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి. నా కొడుకు బెల్టు విప్పి, దాంతోనే వాడి రెండో చెయ్యి వాడి నడుముకి కట్టేశాను. మాస్టారు మళ్లీ పట్టారు. ఈసారి వాడి మడమ తట్టింది. ఆయన వేళ్లు మళ్లీ విడిపోయాయి. మూడోసారీ అంతే. ఆయన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుని, "నా సేతులు నా మాట ఇన్నేదు తల్లీ" అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

"మీ ఇద్దె తగలెయ్య! నా కొడుకుని పట్టుకుపోతారు, మీరిక్కడ దండాలెట్టుకోండి" అని నోటికొచ్చినట్టు తిట్టి వాణ్ని తీసుకుని వచ్చేశాను. ఆ పట్టు నాకూ వచ్చు. పదకొండేళ్లు నేర్చుకున్నదాన్ని. నేను పట్టొచ్చు కదా? ఆ ప్రశ్న నన్ను నేను వేసుకోలేదు. తిట్టడానికి ఆయన ఉన్నారు కాబట్టి ఆయన్ని తిట్టాను.

రెండు వారాలకి వాణ్ని తీసుకుపోయారు. మొదట్లో రెండుసార్లు ఫోను చేశాడు. నాలుగు నెలలుగా అదీ లేదు. ఈ మధ్యలో మాస్టారు చాలాసార్లు నా కొట్టు ముందుకు వచ్చి నిలబడ్డారు. నేను గడగడా మిషను తొక్కుకుంటూ కూర్చునేదాన్ని. కాసేపు చూసి వెళ్లిపోయేవారు.

దహనం దగ్గర, మా వార్డు ఆఫీసు ఎదురుగా టీ అమ్మే ఆవిడ నా పక్కన కూర్చుంది. మన తెలుగావిడే. "మీ గుంటడి కోసం ఈ మారాజు పడ్డ పాట్లు నానెరుగుదును" అంది.

"ఏటి పాట్లు?" అన్నాను.

"నీకు తెల్దా?" అని నా వైపు తిరిగింది.

మా వాడు వెళ్లడానికి ముందు పది రోజులు మాస్టారు రోజూ పొద్దున్నే ఆ ఆఫీసుకి వెళ్లారట. ఉతికిన చొక్కా వేసుకుని, కుర్రాడికి బదులు తనని తీసుకోమని అడిగేవారట. డెబ్భై రెండేళ్ల మనిషి. గుమాస్తాలు నవ్వారట. మనిషి గట్టిగానే ఉన్నాడని చూపించడానికి ఆయన చెప్పులు విడిచి, ఆ సిమెంటు నేల మీద వెల్లకిలా పడి, లేచి నిలబడ్డారట. మళ్లీ పడ్డారట. నవ్వుకుంటూ వాళ్లు టీ గ్లాసులతో బయటికొచ్చి చుట్టూ చేరారట. లేచిన ప్రతిసారీ చొక్కా సరిచేసుకుని, గుమాస్తాకి వంగి దండం పెట్టి, నా కొడుకు పేరు చెప్పేవారట.