ఐలర్ట్ బ్రుంకెన్ మాంసం మానేసిన కారణాలు

ఐలర్ట్ బ్రుంకెన్ మాంసం మానేశాడన్న వార్త హోల్లెమోర్ ఊళ్లో చావు కబురు కన్నా వేగంగా పాకింది. చావంటే ఎవరికైనా వచ్చేదే. ముప్ఫై ఒక్క ఏళ్లు పందుల లారీ నడిపి, ఆ జీతంతోనే ఇల్లు కట్టి, ఏ పూటా పళ్లెంలో ముక్క లేకుండా లేవని మనిషి ఉన్నట్టుండి పాలు, గుడ్లు, ఆఖరికి తేనె కూడా వదిలేసి వీగన్ అయిపోయానంటే ఊరు ఊరుకుంటుందా? కారణం అడిగింది. ఐలర్ట్ కూడా పిసినారితనం చూపలేదు. అడిగినవాళ్లందరికీ తలో కారణం పంచిపెట్టాడు.

భార్య గెజీనెకి కొలెస్ట్రాల్ ఇచ్చాడు.

"డాక్టర్ టాప్కెన్ గారు గట్టిగా చెప్పారు. ఇంకో ముక్క తింటే గుండె ఆగిపోతుందట."

"నిన్నటిదాకా లేని గుండె ఇవాళెక్కడినుంచి వచ్చిందయ్యా నీకు?" అంది గెజీనె. అన్నదే గాని వెన్న డబ్బా తీసి లోపల పెట్టేసింది. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో మొగుడి మాట ఎంతవరకు నమ్మాలో, ఎక్కడ నమ్మినట్టు ఉండాలో ఆవిడకు బాగా తెలుసు.

కొలెస్ట్రాల్‌ని ఊరంతా ఆదరించింది. బేకరీలో ఆడవాళ్లు అయ్యో పాపం అన్నారు. పందులు పెంచే రైతులు భుజం తట్టారు. ఆ ఊళ్లో మగవాడికి కొలెస్ట్రాల్ ఉండొచ్చు, బీపీ ఉండొచ్చు, పక్క ఊళ్లో రెండో కాపురం ఉన్నా సర్దుకుపోతారు. జాలి మాత్రం ఉండకూడదు. ఇళ్ల కన్నా పందుల షెడ్లు ఎక్కువున్న చోట జాలి అన్నది ఇరుగుపొరుగుతో తగువు పెట్టుకోవడమే. కొలెస్ట్రాల్ ఎవరినీ వేలెత్తి చూపదు. నా రక్తం బాగోలేదనడానికీ మీ పని బాగోలేదనడానికీ ఎంత తేడా ఉందో ఐలర్ట్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు.

గెజీనె చెల్లెలి కూతురు వీబ్కె ఓల్డెన్‌బుర్గ్‌లో ఉంటుంది. యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం. తొమ్మిదేళ్లుగా వీగన్. పండగ భోజనాల్లో పెదనాన్న పళ్లెం వంక ఆమె చూసే చూపుకి ఐలర్ట్ ఎన్నోసార్లు గోడవైపు తిరిగి కూర్చుని తిన్నాడు. అలాంటి పిల్ల ఫోన్ చేసి, "నిజమేనా పెదనాన్నా? ఎందుకు మానేశావు?" అని గద్గదంగా అడిగితే ఆ గొంతుకి కొలెస్ట్రాల్ మరీ చిన్నదనిపించింది. "వాతావరణం కోసమమ్మా" అన్నాడు. అవతల ఆ పిల్ల ఏడ్చేసింది. అంతటితో ఆగక నెలకోసారి జరిగే వీగన్ల సమావేశానికి ఆయన్ని లాక్కెళ్లి ప్రదర్శనకు పెట్టింది.

అక్కడ గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ కారణం చెప్పమన్నారు. ముందుగా ఒక బక్కపల్చటి మనిషి లేచి, భూగోళం గురించి పావుగంట మాట్లాడి, చివర్లో తన మారథాన్ సమయం నాలుగు నిమిషాలు తగ్గిందని చెప్పాడు. భూగోళం సంగతి చెప్పేటప్పుడు లేని వెలుగు ఆ నాలుగు నిమిషాలకి వచ్చింది అతని మొహంలో. తర్వాత ఒకావిడ మూగజీవాల కన్నీళ్ల గురించి చెప్పింది. టీ విరామంలో ఐలర్ట్ పక్కన నిలబడి, తన ఆడపడుచు వేపుడు మాంసం వండటంలో పేరు మోసిందనీ, ఏ పండక్కి వెళ్లినా ఆ పొగడ్తలే వినాల్సి వచ్చేదనీ, ఇప్పుడు తనకోసం ఆవిడ వేరే గిన్నె పెట్టాల్సి వస్తోందనీ సంతోషంగా చెప్పింది. ఒక కుర్రవాడు తన ప్రియురాలి వంక చూసి, ఆమె తలూపాక, నైతిక కారణాలన్నాడు. ఆఖర్న ఐలర్ట్ లేచి వాతావరణం అన్నాడు. పందుల లారీ డ్రైవరు నోట వాతావరణం విని వాళ్లంతా బల్లలు టకటకా వాయించి మెచ్చుకున్నారు. ఐలర్ట్‌కి చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆ గదిలో అబద్ధాలకోరు తనొక్కడే కాదనిపించి కాస్త ధైర్యంగా కూడా ఉంది.

ఈ కారణాలు ఏవీ పనికిరాని మనిషి ఊళ్లో ఒకడున్నాడు. మాంసం కొట్టు ఓన్నో. ఒకటో తరగతిలో ఒకే బల్ల మీద కూర్చున్నప్పటినుంచి ఇద్దరూ జోడు. ఐలర్ట్ పెళ్లికి సాక్షి సంతకం ఓన్నోదే. కొట్టు వెనక పెరట్లోనే ఓన్నో పందుల్ని కోస్తాడు. ప్రతి గురువారం ఆ పందుల్ని తెచ్చి దించేది ఐలర్ట్. ఓన్నో చేసే పింకెల్, అంటే ఓట్స్ నూకా పంది కొవ్వూ ఉల్లిపాయా దట్టించి పొగబెట్టిన సాసేజ్, ఆ చుట్టుపక్కల పది ఊళ్లలో పేరున్నది. దానికి ఉప్పు చూసేది నలభై ఏళ్లుగా ఐలర్టే.

కొలెస్ట్రాల్ కబురు విని ఓన్నో బాధపడ్డాడు. బాధపడి ఊరుకునే రకం కాదు. కొవ్వు సగానికి తగ్గించి ఒక పింకెల్ చేసి తెచ్చాడు. మరో వారం పావుకి తగ్గించాడు. ఆ పై వారం టర్కీకోడి మాంసంతో ప్రయత్నించాడు.

"ఇది తినొచ్చురా నువ్వు. కావాలంటే డాక్టర్‌కి చూపించు" అనేవాడు గుమ్మంలో నిలబడి. ఐలర్ట్ థాంక్స్ చెప్పి తీసుకునేవాడు. రెండు నెలల్లో పక్కింటి కుక్క బొద్దుగా తయారైంది. ఓన్నోకి ప్రేమ పెరిగేకొద్దీ ఐలర్ట్‌కి ఇంట్లో కూర్చోవాలంటే భయం పట్టుకుంది. అసలు కారణం తెలిస్తే ఓన్నో మళ్లీ ఆ గుమ్మం తొక్కడని అతని నమ్మకం.

అసలు కారణం అక్టోబరులో ఒక గురువారం నాటిది. సన్నగా వాన. ఓన్నో పట్నంలో మార్కెట్‌కి వెళ్లాడు. ఆరు పందుల్లో అయిదు దిగి దొడ్లోకి పోయాయి. ఆరోది ఎడమ చెవి చిరిగిన ముసలి ఆడ పంది, లారీలోంచి కదల్లేదు. దాన్ని అదిలించబోయి ఐలర్ట్ పందులు దిగడానికి లారీకి ఆనించిన తడి చెక్క మీద కాలు జారి, కింద పడి, తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఫోన్ లారీ సీటు మీద ఉండిపోయింది. అరిచాడు. వినేవాళ్లు లేరు. అప్పుడు ఆ పంది తనంతట తను దిగి వచ్చింది. బయటి గేటు తెరిచే ఉంది, కావాలంటే పోవచ్చు. అది పోలేదు. అతన్ని వాసన చూసి, రెండు వందల కిలోల ఒళ్లు అతని వీపుకి ఆనించి పడుకుంది. నలభై నిమిషాలు ఆ వానలో ఐలర్ట్‌ని వెచ్చగా ఉంచింది అదే. స్పృహ పోకుండా ఉండటానికి అతను దానితో మాట్లాడుతూనే ఉన్నాడు. గెజీనెతో ఏనాడూ చెప్పని సంగతులు కూడా చెప్పాడు.

ఓన్నో వచ్చాడు, అంబులెన్స్ వచ్చింది. స్ట్రెచర్ ఎక్కిస్తుంటే పంది పక్కనే నిలబడి చూస్తోంది. 'దీన్ని వదిలేయరా' అని ఒక్క మాట అంటే చాలు. ఓన్నో నవ్వేవాడు, ఏడాదంతా ఎగతాళి చేసేవాడు, కాని వదిలేసేవాడు. అంబులెన్స్ వాళ్ల ముందు ఐలర్ట్‌కి సిగ్గేసింది. నోరు మెదపలేదు.

మూడు వారాల ఆసుపత్రి చప్పిడి తిండి తర్వాత ఇంటికి వస్తే బల్ల మీద ఒక బుట్ట, దాన్నిండా పింకెళ్లు. గెజీనె వేయించి పెడితే ఆవురావురుమంటూ రెండు తిన్నాడు. అప్పుడు గుర్తొచ్చి గెజీనె బుట్టలోని కార్డు తీసిచ్చింది. 'నీ ఆఖరి లోడు లోంచి. తొందరగా లేచి రా. ఓన్నో' అని రాసి ఉంది. మర్నాటి నుంచి ఐలర్ట్ మాంసం ముట్టలేదు.

ఇక ఫిబ్రవరి మొదటి శనివారం, ఊరి క్లబ్బు కేల్ యాత్ర. మంచు పడ్డాక తీపెక్కిన కేల్ అనే ఆకుకూరని పందికొవ్వులో ఉడికించి, పింకెల్‌తో కడుపు పగిలేలా తినడానికి చేసే యాత్ర ఇది. పొద్దున్నే ఓన్నో పెరట్లో, పందుల్ని తూచే తక్కెడ మీద, సభ్యులంతా ఒక్కొక్కరే ఎక్కి బరువు చూసుకున్నారు. భోజనం అయ్యాక మళ్లీ తూకం, అందుకని తక్కెడని ట్రాక్టర్ మీద యాత్ర ముగిసే సత్రానికి పంపేశారు. ఎవరి బరువు ఎక్కువ పెరిగితే వాళ్లే ఆ ఏటి కేల్ రాజు. మెడలో గ్లాసులు వేలాడేసుకుని, సారా సీసాల బండి లాక్కుంటూ, ప్రతి మలుపులోనూ ఆగి ఒక గుక్క వేస్తూ నడిచారు. చేతికర్ర ఉన్నా అంతదూరం నడవలేని ఐలర్ట్‌ని సీసాల మధ్య కూర్చోబెట్టి లాగారు. సీసాలు తేలికయ్యాయి గాని ఐలర్ట్ కాలేదని లాగేవాళ్లు గొణిగారు.

సత్రంలో అతనికోసం కొవ్వు లేకుండా, ఆవాల పేస్టూ ఉల్లిపాయా వేసి వేరే కుండ వండారు. ఓన్నో ఒక పక్కన, గెజీనె ఇంకో పక్కన కూర్చున్నారు. నోరు ఖాళీగా ఉంటే అందులో ఏదో ఒకటి పెడతారన్న భయంతో ఐలర్ట్ తింటూనే పోయాడు. ఒక పళ్లెం, రెండు, అయిదు, వాటి మీద బంగాళదుంపలు. తూకం వేస్తే రెండు కిలోల నూరు గ్రాములు పెరిగాడు. మాంసం మీద నమ్మకం పెట్టుకున్న ఓన్నో కిలో ఎనిమిది వందల దగ్గరే ఆగిపోయాడు.

"గడ్డి తిని గెలిచాడురా వీడు" అని ఎవరో అన్నారు. సత్రం నవ్వులతో ఊగింది.

రూలు రూలే. కిందటేటి రాజు ఓన్నో లేచి, తన మెడలోని రిబ్బను తీసి కొత్త రాజు మెడలో వేశాడు. రిబ్బనుకి వేలాడేది పంది దవడ ఎముక, పళ్లతో సహా. ఆ వెంటనే పాత రాజు తన చేత్తో కొత్త రాజుకి ఒక పింకెల్ ముక్క తినిపించాలి. ఓన్నో ఫోర్కుకి ముక్క గుచ్చి పట్టుకున్నాడు.

"ఒక్క ముక్కే కదరా. నోరు తెరువు."

"వద్దురా. కొలెస్ట్రాల్."

బల్ల చివరనుంచి డాక్టర్ టాప్కెన్ తల ఎత్తాడు. ఆయన అప్పటికి ప్రతి మలుపుకీ న్యాయం చేసి ఉన్నాడు. "ఏ కొలెస్ట్రాల్? నీ రక్తం పాతికేళ్లవాడి రక్తమయ్యా. నేనే చూశాగా."

"మరి వీబ్కెతో వాతావరణం అన్నావట?" అంది గెజీనె మెల్లగా. "అదైనా నిజమేనా?"

ఇరవైమంది చూస్తున్నారు. ఓన్నో ఫోర్కు దించలేదు గాని మొహం మారిపోయింది. "నా పింకెల్‌లో లోపముంటే మొహం మీద చెప్పరా. మూడు నెలలుగా కొవ్వు తీసి, టర్కీ కలిపి, పిచ్చోడిలా తిరుగుతున్నా నీ ఇంటి చుట్టూ."

ఆ మాటకి ఐలర్ట్‌కి ఇంక దాచే ఓపిక పోయింది. చెప్పేశాడు. వాన, తడిసిన చెక్క, వీపుకి ఆనిన పంది, నలభై నిమిషాలు, తను అనని ఆ ఒక్క మాట, అన్నీ చెప్పాడు. చెబుతుంటే మెడలో ఎముక గుండీలకి తగిలి చప్పుడవుతూనే ఉంది. అయ్యేసరికి పందుల రైతులు పళ్లేల్లోకి చూసుకుంటున్నారు.

"కొలెస్ట్రాలే నయం" అన్నారెవరో లోగొంతుకతో.

"అయితే ఇన్నేళ్లూ నేను చేసింది పాపమంటావా?" అన్నాడు ఓన్నో.

"నీ గురించి కాదురా నేను చెప్పేది."

"నా గురించి కాకపోతే ఎవరి గురించి? కత్తి పట్టింది నేనే కదా." ఓన్నో కుర్చీలో కూలబడ్డాడు. ఫోర్కు ఇంకా చేతిలోనే ఉంది. దాని వంక చూస్తూ, "ఎడమ చెవి చిరిగిందే కదా?" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"నేను వచ్చేసరికి నిన్ను ఆనుకుని పడుకుని లేదూ? దాన్ని విడిగా కట్టేసి విడిగా కోశాను. ఒక్క ముక్క కూడా కొట్లో అమ్మలేదు. ఆ బుట్టంతా అదే. నా స్నేహితుణ్ని చూసుకున్న పందిరా అది. అంత మంచి పందిని ఇంకెవరికి పెట్టను, నీకు కాక?"

ఐలర్ట్‌కి కోపం రావలసిన చోట ఏడుపొచ్చింది. ఇంత ప్రేమగా ఇంత ఘోరం చేయగల మనిషి భూమ్మీద ఇంకొకడు ఉండడు, వాడు తన స్నేహితుడు. ఓన్నో చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు. ఎంతైనా వృత్తి మనిషి, అడక్కుండా ఉండలేకపోయాడు.

"బాగుందా?"

"చాలా బాగుందిరా. అదే నా బాధ" అన్నాడు ఐలర్ట్. "కార్డు చదవకముందు రెండు తిన్నాను." గెజీనె వంక చూడలేక బల్ల వంక చూశాడు. "చదివాక ఇంకోటి తిన్నాను."

ఓన్నో ఫోర్కు కింద పెట్టేశాడు.