ఆకలితో వెళ్ళమన్న టీచరమ్మ

ఆ శనివారం ఉదయం వంటగదిలో గులాబీ పువ్వులు వేస్తున్నాను. మర్నాడు చర్చిలో పిల్లల క్రిస్మస్ ప్రోగ్రాం ఉంది. పిండిలో ముంచిన అచ్చు నూనెలో పెట్టానో లేదో ఫోన్ మోగింది. మా పాస్టరుగారు.

"అమ్మా, వందనాలు. టీచరమ్మగారు తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించారు" అన్నారు.

"అలాగే అయ్యగారూ" అన్నాను. చావు కబురుకి అదేం జవాబో నాకే తెలియదు. ఫోన్ పెట్టేసి చూస్తే అచ్చుకి అంటుకున్న పువ్వు నల్లగా మాడిపోయి ఉంది.

స్టవ్ ఆపి కుర్చీలో కూర్చున్నాను. ఏడుపు రాలేదు. మా అమ్మాయికి ఈ సంగతి ఎలా చెప్పాలా అన్నదే ముందుగా తోచింది. మాకు ఒక్కతే కూతురు. కాలేజీ ఒక సెమిస్టర్ ఆపుకుని, నవంబరులో థాంక్స్ గివింగ్ పండక్కి ముందు హోండురస్ దేశపు కొండల్లో ఒక పల్లెకి సేవకి వెళ్ళింది. వెళ్ళమని ధైర్యం చెప్పింది టీచరమ్మే.

మీలో చాలామందికి ఆమె తెలియదు. అమెరికాలో మేముండే క్యారీలో మా తెలుగు చర్చి చిన్నది. ఒక అమెరికన్ చర్చివాళ్ళు ఆదివారం ఉదయం వాళ్ళ ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం మాకు హాలు ఇస్తారు. అక్కడ ఆమె పదిహేనేళ్ళకు పైగా సండే స్కూల్ చెప్పారు. పక్క ఊరు మోరిస్‌విల్‌లో కొడుకూ కోడలి దగ్గర ఉండేవారు. తెల్ల నూలు చీర, దాని మీద కొడుకు పాత స్వెట్టర్, కాళ్ళకి మనవడి స్నీకర్స్. "ఈ దేశంలో బట్టలకి జత కుదరక్కర్లేదమ్మా, వెచ్చగా ఉంటే చాలు" అనేవారు.

నేను ఆమెని మొదట చూసింది చర్చి భోజనాల దగ్గర. అమెరికా వచ్చిన కొత్త. చదివింది హైస్కూలు వరకే, ఇంగ్లీషు రాదు, నలుగురిలో నోరు విప్పేదాన్ని కాదు. గోంగూర పప్పు చేసుకెళ్ళాను. కంగారులో ఉప్పు రెండుసార్లు పడింది. మొదట వడ్డించుకున్నవాళ్ళు పక్కవాళ్ళకి చెప్పినట్టున్నారు, ఆ తర్వాత నా గిన్నె దగ్గరికి ఎవరూ రాలేదు. మూత పెట్టేసి కారులో దాచేద్దామని లేచాను. స్వెట్టర్ వేసుకున్న పెద్దావిడ పళ్ళెం పట్టుకుని నా ముందు నిలబడి ఉంది.

"అదేంటమ్మా, మూత పెట్టేస్తున్నావ్? నేనింకా తినందే!"

"ఉప్పెక్కువైందండీ."

"అన్నం ఎక్కువ కలుపుకుంటాలే."

తిన్నారు. తిని మళ్ళీ వచ్చి పళ్ళెం చాపారు. "పోపు బాగా పెట్టావ్. వెల్లుల్లి మాడనివ్వలేదు" అన్నారు. అబద్ధం చెప్పలేదు, ఉప్పు మాట ఎత్తలేదు. ఆ రోజు నుంచి ఆ చర్చి నాది అనిపించింది.

తర్వాత గమనించాను, అది ఆమె అలవాటు. ఎవరూ ముట్టని గిన్నె ఏదో చూసుకుని అక్కడికే వెళ్ళేవారు. రెండోసారి తప్పకుండా అడిగేవారు. షుగర్ వచ్చాక కూడా మానలేదు, రెండోసారి ఒక చెంచాడే వేయించుకునేవారు. పిల్లలు ఆమెకి "సెకండ్ సర్వింగ్ ఆంటీ" అని పేరు పెట్టారు. ఆ పేరు విని ఆమె చాలా సంతోషపడ్డారు.

ఆమె సండే స్కూల్లో పిల్లలకి ఎక్కువగా చెప్పింది కరువు కాలం కథ. దేవుడు తన ప్రవక్తని ఒక పేద విధవరాలి ఇంటికి పంపుతాడు. తనకీ కొడుక్కీ కలిపి ఆమె దగ్గర ఉన్నది చివరి గుప్పెడు పిండి. ప్రవక్త దానితోనే ముందు తనకో రొట్టె చేసి పెట్టమంటాడు. ఆ కథ మొదటిసారి విన్నప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. లేచి నిలబడింది.

"బట్ టీచర్ ఆంటీ, దట్స్ సో రూడ్! అది వాళ్ళ లాస్ట్ ఫుడ్ కదా!"

"రూడేరా కన్నా. అందుకే మనంతట మనం వెళ్ళకూడదు. దేవుడు పంపితేనే వెళ్ళాలి" అన్నారు ఆమె, నవ్వకుండా.

ఆ కథ అంటే ఎందుకంత ఇష్టమో ఆమె నాకు ఒక్కసారే చెప్పారు. పెళ్ళికి ముందు, మా అమ్మాయి వయసులోనే, ఆమె గుంటూరు నుంచి నేపాల్ కొండల్లో ఒక మిషన్ ఆసుపత్రిలో సహాయానికి వెళ్ళారు. భాష రాదు, చలి ఆగదు. ఊరి నీళ్ళంటే భయం, ఊరి తిండంటే భయం. తన గదిలో తనే అన్నం వండుకుని తలుపు వేసుకుని తినేవారు. మందులిస్తే ఆడవాళ్ళు తీసుకుని వెళ్ళిపోయేవారు తప్ప, ఒక్కరూ కూర్చునేవారు కాదట. క్రిస్మస్ వచ్చింది. గుడి గంట లేదు, పాట లేదు, ఇంట్లోవాళ్ళు లేరు. మధ్యాహ్నం దాకా ఏడ్చి, సామాను సర్దుకోవడం మొదలుపెట్టారు.

"అప్పుడు పక్కింట్లోంచి వాసనొచ్చిందమ్మా. మన రాగి సంకటి వాసన! వాళ్ళు దాన్నేదో అంటారు. వాసన మాత్రం మా అమ్మమ్మ పొయ్యిదే. వెళ్ళి ఆ ఇంటి గుమ్మంలో నిలబడ్డాను. వాళ్ళ భాషలో నాకొచ్చిన మాటలు నాలుగే. ఆకలేస్తోంది అన్నాను. ఆ ఇంటావిడ నన్ను పైనుంచి కిందికి చూసి, జరిగి చోటిచ్చింది. అదీ నా క్రిస్మస్. మర్నాటి నుంచి ఆడవాళ్ళు పిల్లల్నెత్తుకుని నా గదికొచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. అన్నాళ్ళూ నేను వాళ్ళకి పెట్టేదాన్నే అనుకున్నాను. పెట్టేవాళ్ళని చూస్తే మనుషులు దణ్ణం పెడతారు, అంతే. తినేవాళ్ళనైతే దగ్గర కూర్చోబెట్టుకుంటారు."

అందుకే మా చర్చి నుంచి ఏ పిల్లలు సేవకి బయల్దేరినా ఆమె ఒకటే చెప్పేవారు. "బహుమతులు తర్వాత. ముందు ఆకలితో వెళ్ళండి."

మా అమ్మాయి వెళ్తానన్నప్పుడు మా ఆయన వారం రోజులు మాట్లాడలేదు. మా ఫ్రెండ్స్ ఊరుకోలేదు. "సెమిస్టర్ డ్రాప్ చేయించారా? ఇంటర్న్‌షిప్ పోదా?" అని ఫోన్లు. చర్చిలో ఒకావిడ నా ఎదుటే అంది, "పండక్కి పిల్లని అంత దూరం ఎలా పంపుతున్నారండీ? మావాడు ఫ్రెండ్స్‌తో క్రూజ్‌కి వెళ్తానంటేనే నాకు టెన్షన్."

నేను గట్టిగా జవాబు చెప్పగలిగే మనిషిని కాను. టీచరమ్మ అందుకున్నారు. "వాళ్ళు పంపడం లేదమ్మా, అది వెళ్తోంది. మీవాడూ తినడానికే వెళ్తున్నాడు, మా పిల్లా తినడానికే వెళ్తోంది. టెన్షన్ ఎందుకు?" ఆవిడా నవ్వేసింది.

వెళ్ళాక మొదట్లో ఫోన్లన్నీ నవ్వులే. "మమ్మీ, ఇక్కడ అందరూ నన్ను లోకల్ అనుకుంటున్నారు. ఫాస్ట్‌గా స్పానిష్ మాట్లాడేస్తున్నారు. నేను నిలబడి తల ఊపుతున్నా" అనేది. డిసెంబరు వచ్చేసరికి ఆ గొంతు తగ్గింది. వాళ్ళ టీమ్ ఉండే బడి పక్కనే ఒక ముసలమ్మ ఒంటరిగా ఉంటుంది. రోజూ పెనం మీద మొక్కజొన్న రొట్టెలు కాల్చి, ఈ పిల్లని చూసి ఒకటి చాపేది. కొత్తవాళ్ళు బయట తినొద్దని టీమ్ లీడర్ చెప్పాడట. ఇది రోజూ చేతులు జోడించి వద్దనేది. కొన్నాళ్ళకి ఆవిడ చాపడం మానేసింది. ఆ తర్వాత చూడటమే మానేసింది.

అమ్మాయి ఫోన్‌లో ఈ సంగతి చెప్పినప్పుడు నేను ఆసుపత్రిలో టీచరమ్మ మంచం పక్కన ఉన్నాను. గుండె బలహీనమై అప్పటికి రెండోసారి చేర్చారు. ఫోన్ ఇమ్మని చేయి చాపారు.

"ఏమే పిల్లా, ఉపవాసముంటున్నావా అక్కడ?"

"లేదు టీచర్ ఆంటీ, ప్రోటీన్ బార్స్ ఉన్నాయి."

"అయ్యో నా తల్లీ! బార్లు తినడానికి అంత దూరం వెళ్ళాలా? క్యారీలోనే దొరుకుతాయి కదే! ముందు మీ లీడర్ని అడుగు. పెద్దవాళ్ళ మాట మీరి చేసేది సేవ కాదు. ఆయన సరేనంటే, ఆ ముసలమ్మ దగ్గరికి నువ్వే వెళ్ళి అడుగు. పొయ్యి మీంచి దిగింది వేడిగా తిను. నీళ్ళు మాత్రం నీ సీసావే తాగు."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారనుకుని లేచాను.

"నేను పోతే పిల్లని పిలిపించకు" అన్నారు, కళ్ళు తెరవకుండానే. "అలాంటి మాటలెందుకండీ" అన్నాను. "విను. నా పెట్టె దగ్గర నిలబడటానికి మీరంతా ఉన్నారు. ఆ ముసలమ్మ దగ్గర కూర్చోవడానికి ఎవరున్నారు?"

దుప్పటి సరిచేసి వచ్చేశాను.

ఇక ఆ శనివారం. మధ్యాహ్నం పిల్లకి ఫోన్ చేసి చెప్పాను. అది ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చాను. తర్వాత ముక్కు చీదుకుని గబగబా మాట్లాడింది.

"మమ్మీ, నేను వచ్చేస్తా. రేపు ఫ్లైట్ ఉంది, చూశాను. ఫ్యునరల్‌కి ఉంటా, క్రిస్మస్‌కి కూడా మీ దగ్గరే ఉంటా. డాడీని బుక్ చేయమను."

ఫ్యునరల్ మంగళవారం. గురువారం క్రిస్మస్. మా ఆయన అప్పటికే లాప్‌టాప్ తెరిచి కూర్చున్నారు. "చేసేయనా?" అన్నట్టు నా వైపు చూశారు. నేను ఊఁ అంటే చాలు. మర్నాటికి పిల్ల ఇంట్లో ఉంటుంది. దాచడమెందుకు, ఎందుకో నాకే తెలియకుండా ముందురోజే దాని మంచం మీద దుప్పట్లు మార్చాను.

"ఆ ముసలమ్మ దగ్గరికి వెళ్ళావా?" అని అడిగాను.

"లేదు మమ్మీ. షి డజంట్ ఈవెన్ లుక్ ఎట్ మీ."

"మీ లీడర్ని అడిగావా?"

"అడిగా. వేడిగా ఉంటే ఓకే అన్నారు."

"మరి?"

"నాకు సిగ్గు. వెళ్ళి ఏమనాలి?"

"ఆకలేస్తోందని చెప్పు."

"నువ్వు టీచర్ ఆంటీలా మాట్లాడుతున్నావ్" అని మళ్ళీ ఏడ్చింది. ఈసారి నేనూ ఆగలేకపోయాను. కాసేపటికి చిన్న గొంతుతో అడిగింది, "నేను రావడం నీకు ఇష్టం లేదా మమ్మీ?"

"చాలా ఇష్టం. కానీ రావద్దు."

ఆ మాట నా నోట్లోంచి అంత గట్టిగా రావడం మా ఆయన ఎప్పుడూ వినలేదు. నన్నే చూస్తూ లాప్‌టాప్ మూసేశారు. ప్రార్థన చేసుకుందామని ఆయనే అన్నారు. ముగ్గురం ఫోన్‌లోనే చేసుకున్నాం. ఎలాంటి మాటలతో చేశామో గుర్తులేదు. ప్రభువా, పిల్లకి ఆకలి ఇవ్వు అని నేను అడిగినట్టు మాత్రం గుర్తుంది.

మంగళవారం వాన పడింది. శ్మశానంలో పైన్ చెట్ల కింద సూదుల్లాంటి ఎండుటాకులు తడిసి పడి ఉన్నాయి. సండే స్కూల్ పిల్లలు తెలుగు పాట పాడారు. సగం మాటలు వాళ్ళ నోట్లో తిరగవు, అయినా చివరిదాకా పాడారు. తర్వాత హాల్లో భోజనాలు. టీచరమ్మ కొడుకు వాళ్ళ పక్కింటి అమెరికన్ ఆవిడ చీజ్ వేసి కాల్చిన బంగాళాదుంపల ట్రే తెచ్చింది. మనవాళ్ళంతా బిర్యానీ దగ్గర ఉన్నారు. ఆ ట్రే ఎలా తెచ్చిందో అలాగే ఉంది. ఆవిడ దాని వెనక, మూత చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

నేను వెళ్ళి పెట్టించుకున్నాను. తిన్నాను. మళ్ళీ వెళ్ళి పళ్ళెం చాపాను. పైన వేసినది కరకరలాడుతూ బాగుందని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ మూత కింద పెట్టి, పెద్ద గరిటె నిండా వేసింది. నా వెనక ఇద్దరు ముగ్గురు సండే స్కూల్ పిల్లలు పళ్ళాలతో వచ్చి నిలబడ్డారు. ఎందుకొచ్చారో వాళ్ళకి తెలుసు.

క్రిస్మస్ ఆరాధన అయ్యాక, హాలు బయట కారు దగ్గర నిలబడి ఫోన్ చూసుకున్నాను. హోండురస్ నుంచి టీమ్‌లో ఎవరో తీసి పంపిన ఫోటో ఒకటి వచ్చి ఉంది. పొగ చూరిన గోడ, మట్టి పొయ్యి, దాని మీద పెనం. ముసలమ్మ కెమెరా వైపు చూడటం లేదు, రొట్టె తిరగేస్తోంది. ఆమె పక్కనే చిన్న పీట మీద మా అమ్మాయి. దాని ముఖం సరిగా కనపడలేదు. చేయి కనపడింది. ఖాళీ అయిన పళ్ళెం పట్టుకుని, పెనం వైపు చాపి ఉంది.