తలుపు నుంచి పద్నాలుగో చోటు

ఇరవై ఏళ్లుగా దీన్ని మోస్తున్నాను. పత్రికలో ఊరందరి తప్పులూ రాశాను. ఇది రాయలేకపోయాను. నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

నాకు డాక్టరేట్ కావాలి. అప్పట్లో మంగళగిరి దారిలో ఎంబీఏ కాలేజీలు వరసగా లేస్తున్నాయి. పీహెచ్‌డీ ఉంటే పాఠాలు చెప్పుకుని బతకొచ్చనుకున్నాను. పత్రికలో ఉద్యోగం చేస్తూనే మానవ వనరుల నిర్వహణలో పీహెచ్‌డీకి చేరాను. గుంటూరు మిర్చి గోడౌన్లలో కాయల తొడిమలు తీసే ఆడవాళ్ల పని పరిస్థితులు నా అంశం. గైడు గారు ఒకే అధ్యాయాన్ని నాలుగుసార్లు తిప్పి పంపారు. ఎందుకో చెప్పేవారు కాదు. చివరికి, సర్వే చేసినట్టు గోడౌన్ యజమాని దగ్గర ధ్రువపత్రం తెమ్మన్నారు.

సర్వే అంటే, ఆడవాళ్లను నేనే అడిగి నేనే రాసుకోవడం. అక్కడ ఎవరి గోనెపట్టా వాళ్లది, ఎవరి చోటు వాళ్లది. ఏళ్ల తరబడి మారదు. నేను తలుపు దగ్గర మొదలుపెట్టి, కూర్చున్న వరసలోనే కాగితాల మీద నంబర్లు వేసుకుంటూ పోయాను.

పద్నాలుగో ఆమె నల్లపాడు నుంచి వచ్చేది. ఘాటు తగలకుండా ముక్కుకు కొంగు కట్టుకుని, చేతులు ఆపకుండానే మాట్లాడింది.

"ఇక్కడ ఏమన్నా ఇబ్బంది ఉందా అమ్మా?"

"నీళ్లు తాగితే బయటికి పోవాల. పోతే మేస్త్రీ నోటికొచ్చినట్టు తిడతాడు. మరుగుదొడ్డి ఏదీ మాకు? అందుకే పొద్దున్నుంచీ గొంతు తడపం సారూ, ఇంత ఘాటు మింగుతా కూడా. రాస్తన్నారా? నా పేరు రాయబాకండి, రేపు పనికి రావొద్దంటారు."

"పేరు రాయనమ్మా. నంబరే."

"నంబరైతే రాసుకోండి. నంబరుకి కూలి పోదుగా!"

పక్కవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

సర్వే ఇంకా సగంలో ఉండగానే ధ్రువపత్రం టైపు చేయించి తీసుకెళ్లాను. సంతకం పెట్టేముందు యజమాని ఆ కాగితాలు చూస్తానన్నాడు. పేర్లు లేవు కదా అని ఇచ్చాను. ఒక కాగితం దగ్గర ఆగి, ఈ నంబర్లు ఎట్లా వేశారని మామూలుగా అడిగాడు.

తలుపు దగ్గర్నుంచి వరసగా, అని చెప్పాను.

ఆలోచించకుండా అన్నానా? చాలా ఏళ్లు అలాగే సర్దిచెప్పుకున్నాను. కాదు. ఆయన ఎందుకు అడిగాడో అడిగిన క్షణంలోనే తెలిసింది. గుర్తులేదనో, ఎలా పడితే అలా వేశాననో ఒక్క అబద్ధం చెబితే సరిపోయేది, కానీ ఆయన చేతిలో కలం ఉంది, ఆ సంతకం కోసం నేను మూడుసార్లు తిరిగి ఉన్నాను. ఇంకోసారి తిరిగే ఓపిక నాకు లేకపోయింది. అంతే. ఒక మనిషి కూలికి నేను కట్టిన విలువ అది.

మిగిలిన వాళ్లను అడగడానికి వారం తర్వాత వెళ్లాను. పద్నాలుగో చోట గోనెపట్టా లేదు. పక్కామె తల ఎత్తకుండా, "రావొద్దన్నారంట" అంది. ఆ రోజు ఎవరిని అడిగినా ఏ ఇబ్బందీ లేదన్నారు. అదే రాసుకున్నాను. నల్లపాడు ఎంత దూరం? వెళ్లలేదు.

తర్వాత ఆమె కాగితం తీసేసి పదిహేనును పద్నాలుగుగా దిద్దాను. ఆపైవన్నీ దిద్దాను. వసతులపై చెప్పుకోదగ్గ అసంతృప్తి లేదని రాశాను. ఈసారి గైడు గారు తిప్పి పంపలేదు. వైవాలో ఎవరూ అడగలేదు. నా పిల్లలు నన్ను డాక్టర్ గారూ అని ఆటపట్టించేవారు.

క్షమించమని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. తలుపు నుంచి పద్నాలుగో చోట ఒకామె కూర్చునేది. పొద్దున్నుంచీ నీళ్లు తాగేది కాదు. నా సిద్ధాంత గ్రంథంలో ఈ మాట లేదు. ఇక్కడ రాశాను.