సున్నపు తేట

ఈ మాటను ఏళ్ల తరబడి మోస్తున్నాను. మోస్తూనే హాయిగా బతికాను కూడా. అదే నన్ను తొలుస్తోంది. అలా చేశాక నిద్ర పట్టదేమోనని భయపడ్డాను, భేషుగ్గా పట్టింది. ఇవాళ్టికీ హనుమకొండలో పొద్దున్నే చాయ్ తాగి, పేపరు తిరగేసి, తృప్తిగానే ఉంటాను. ఎవరికైనా చెప్పడానికే ఇన్నాళ్లూ ధైర్యం చాలలేదు. మీకు చెబుతున్నాను.

అప్పట్లో నేనూ సరళా ఒక ప్రైవేటు ల్యాబులో కెమిస్టులం. పనికిరాదని పారేసే ఇనుప ఖనిజం పొడిని ఉండలు కట్టి, పత్తికట్టె బొగ్గుతో కాల్చి ఇనుము తీయాలని మా తాపత్రయం. ఫర్నేసులో పెట్టగానే ఉండలు చిట్లి పొడి అయిపోయేవి. ఒకరోజు టిఫిన్ డబ్బా మూత తీస్తూ సరళ అంది:

"అన్నా, మా అమ్మ గుమ్మడికాయ మిఠాయికి ముక్కలు సున్నపు తేటల నానేస్తది. ఎంత ఉడికినా చెదరయి. మనం ఈ పొడిని గూడ జర సున్నపు తేటల కలిపి చూద్దామా?"

"ఇది ల్యాబనుకున్నవా, మిఠాయి దుకాణమనుకున్నవా?" అని నవ్వాను.

మర్నాడు కలిపి చూశాం. ఉండ చెదరలేదు. ఇద్దరం చిన్నపిల్లల్లా గంతులేశాం. పేటెంటు దరఖాస్తులో మాత్రం నా పేరొక్కటే వెళ్లింది. యాజమాన్యం అలా పంపింది, నేను కాదనలేదు. తన పేరూ చేర్చాలని సరళ పేటెంటు ఆఫీసులో అభ్యంతరం దాఖలు చేసింది. ఆ పేరుంటే పెద్ద పరిశోధనశాలలో ఆమెకు ఉద్యోగం ఖాయం.

మా వకీలు నా వాంగ్మూలం రాసుకుంటూ, సున్నం సంగతి ఎవరికి తట్టిందని అడిగాడు.

"ఆరోజు అట్ల అనుకున్నం సార్" అన్నాను.

"అనుకున్నం అంటే మీరే గద?"

తలూపాను. అంతే. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి అది 'నేను' అయింది. సరళ ఓడిపోయింది. ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది.

అబద్ధమాడానా? 'అనుకున్నం'లో ఆమె కూడా ఉంది కదా అని ఎన్నిసార్లు నన్ను నేను బుజ్జగించుకున్నానో! ఉంటే మరి తలెందుకు ఊపినట్టు? భయమా? కాదు, ఆశ. పేటెంటు సర్టిఫికెట్టు మీద నా పేరొక్కటే ఉంటే ఎంత బాగుంటుందో అప్పటికే ఊహించుకుని ఉన్నాను. ఊహించుకున్నంత బాగానూ ఉంది, అదీ దాచను.

సరళ ఇప్పుడు వర్ధన్నపేటలో కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంది. పెళ్లిళ్లలో కనిపిస్తే "అన్నా, పానం మంచిగుందా?" అని నవ్వుతూ పలకరిస్తుంది. ఆమె మనసులో ఏముందో తెలియదు. అడిగే ముఖం నాకు లేదు. పేటెంటు గడువు ఈమధ్యే తీరిపోయింది. ఆ పద్ధతి ఇక ఎవరైనా వాడుకోవచ్చు. ఇప్పుడు చెప్పినా ఆమెకు ఒరిగేదేమీ లేదు. క్షమాపణ దొరుకుతుందని రాయడం లేదు. ఒక్క మాట సరిదిద్దుకుందామని రాస్తున్నాను. రాస్తుంటేనే గుండె తేలికపడుతోంది.

సున్నపు తేటలో కలుపుదామని మేం అనుకోలేదు. సరళ అంది. నేను నవ్వాను.