పెద్దసారు చెప్పిన ‘డూ’ మాట

పోయిన నెల మా రిటైర్డు టీచర్ల వాట్సాప్ గుంపులోకి ఎవరో ఒక వీడియో పంపించారు. ఆ గుంపులో వచ్చేవాటిని నేను సాధారణంగా తెరవను. ఉల్లిరసంతో చెవుడు పోతుందనేదీ, రాగి చెంబు నీళ్లతో మోకాళ్ల నొప్పి తగ్గుతుందనేదీ, అన్నీ ఒకే ధీమాతో చెబుతారు కనుక అన్నిటినీ ఒకే అనుమానంతో చూడడం నాకు అలవాటైపోయింది. ఇది మాత్రం ఇంగ్లీషు వ్యాకరణం గురించి అని కనిపించేసరికి, ముప్పై ఏళ్లకు పైగా ఆ కూడు తిన్నదాన్ని కదా అని తెరిచాను. ఎవరో విదేశీ పండితుడు, ఇంగ్లీషులో ప్రశ్న వేసేటప్పుడు ముందు చేర్చే ‘డూ’ అనే మాట వాడుక, ఆ దీవిలో ఇంగ్లీషువాళ్లకంటే ముందే ఉన్న జనం మాట్లాడిన కెల్టిక్ భాషల నుంచి వచ్చి ఉండవచ్చునని చెబుతున్నాడు. వీడియో మధ్యలోనే ఆపేసి, కళ్లద్దాలు తీసేశాను. ఆ సంగతి నేను ఇదివరకే ఒకసారి విన్నాను. విని, నమ్మక, చెప్పిన మనిషికి చేయకూడనిది చేశాను.

నా మొదటి ఉద్యోగం కర్ణాటక సరిహద్దుకు దగ్గరున్న కుందుర్పి హైస్కూల్లో. బి.ఇడి. పూర్తయిన ఏడాదే పోస్టింగు వచ్చింది. కల్యాణదుర్గంలో బస్సు మారి, దుమ్ము కొట్టుకుని దిగేసరికి చీర రంగు మారిపోయేది. ఇంగ్లీషుకు నాకంటే ముందే అక్కడ ఒక పెద్దాయన ఉండేవారు. రిటైరు కావడానికి రెండేళ్లే ఉన్నందువల్ల పిల్లలూ మేమూ అందరం ఆయనను పెద్దసారు అనే పిలిచేవాళ్లం. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో పెరిగి చదువుకున్న మనిషి, తెల్ల చొక్కా, పాదాలకు టైరు చెప్పులు. శనివారం మధ్యాహ్నం బడి వదలగానే గొర్రెల మందలు ఉండేవైపు ఒంటరిగా నడిచిపోయేవారు. ఎందుకు పోతారో ఎవరికీ తెలియదు. నాకు మొదట్లో అదే ఒక అనుమానం.

రెండో అనుమానం ఆయన పాఠం మీద. నేను పక్క గదిలో పదో తరగతికి చెప్పుకుంటూ ఉంటే, ఆయన తొమ్మిదో తరగతికి చెప్పేది గోడమీదుగా వినబడేది. ‘డూ యూ నో’ అనే ప్రశ్నలో డూ అనే మాటకు అర్థం ఏమిటని అడిగి, అర్థం ఏమీ లేదని ఆయనే చెప్పి, ఇంగ్లీషుకు తోబుట్టువు లాంటి జర్మను భాషలో కూడా ఇది లేదని, గెలిచినవాళ్ల భాషను ఓడిపోయిన పాత జనం తమ పద్ధతిలో పలికితే, ఆ తల్లుల పద్ధతే పిల్లలకు అంటుకుని నిలిచిపోయిందని చెప్పేవారు. నేను ట్రైనింగులో చదువుకున్నది వేరు. ఆ పాత భాషలు ఇంగ్లీషుకు నాలుగు నదుల పేర్లు తప్ప ఏమీ ఇవ్వలేదని మాకు నోట్సు రాయించారు. వ్యాకరణం సరిగా రాక, పిల్లలను కథలతో మాయచేస్తున్నాడీయన అని నేను తీర్మానించుకున్నాను. ఏ పుస్తకంలో ఉందని ఒకరోజు అడిగేశాను కూడా. పుస్తకం లేదని, హాస్టల్లో తనకు చదువు చెప్పిన, ఆ పాత భాషల్లో ఒకటి ఇంకా బతికున్న వేల్స్ దేశపు దొరసానమ్మ చెప్పిందని అన్నారు. పుస్తకం లేదనడంతో నా అనుమానం కాస్తా నమ్మకమైపోయింది.

ఆ ఏడే తనిఖీకి అధికారి వచ్చాడు. తొమ్మిదో తరగతిలో ఒక ప్రశ్నవాక్యం బోర్డుమీద రాయించి, డూ ఎందుకు వాడాలని అడిగాడు. సూత్రం చెబితే సరిపోయేది. ముందు బెంచీలో ఉన్న పిల్ల లేచి, “అది పాతోళ్ల మాట సార్. ఇంగ్లీషోళ్లు వాళ్లతాన నేర్చుకున్యారు” అంది. అధికారి ముఖం మాడిపోయింది. హెడ్‌మాస్టరు గదిలోకి మా ఇద్దరినీ పిలిపించారు. పెద్దసారు చేతులు కట్టుకుని గోడవైపు నిలబడ్డారు.

“ఏమ్మా, నువ్వు కొత్తగా ట్రైనింగయి వచ్చినదానివి. ఈయప్ప చెప్పేది యాడన్నా ఉండాదా?” అని హెడ్‌మాస్టరు నన్ను అడిగారు.

“నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు సార్” అన్నాను.

అది అబద్ధం కాదు. కానీ ఆ మాట ఆ గదిలో ఏ పని చేస్తుందో తెలిసే అన్నాను. మరుసటి వారం నుంచి పెద్దసారుకు ఇంగ్లీషు క్లాసులు తీసేసి, ఆరో తరగతి డ్రాయింగూ లైబ్రరీ బీరువా తాళమూ అప్పగించారు. తొమ్మిదో తరగతి నాకు వచ్చింది.

ఆయన నాతో మాట్లాడడం మానేస్తారనుకున్నాను. మానలేదు. ఒక శనివారం గేటు దగ్గర నిలబడి, “నాతో రాగలవా అమ్మా, ఒక గంట” అన్నారు. ఏం చూపించి నన్ను తప్పుపట్టబోతున్నాడో అనుకుంటూనే, చేతిసంచి గట్టిగా పట్టుకుని వెనకాలే నడిచాను. కంప కట్టిన దొడ్డిలోకి ఒక కాపరి గొర్రెలను ఒక్కొక్కటిగా వదులుతున్నాడు. వదులుతూ, ఒందు, ఎరడు, మూరు, నాల్కు అని లెక్కపెడుతున్నాడు. లెక్క అయ్యేదాకా పెద్దసారు పలకరించలేదు.

“ఏమప్పా, కన్నడం బాగా వస్తాదా నీకు?”

“యాడొస్తాది సారూ. ఇంట్లో అంతా తెలుగే. గొర్రెలకు మాత్రం ఇట్ల లెక్కపెడతాము. మా నాయనా ఇట్లే పెడతాండె.”

తిరిగి వస్తూ పెద్దసారు, ఇంగ్లీషుదేశంలో కూడా కొండప్రాంతపు కాపరులు గొర్రెలను ఇంగ్లీషు అంకెలతో కాక యాన్, టాన్, టెథెరా అని ఆ పాత జనం అంకెలతో లెక్కపెట్టేవారట, దొరసానమ్మ చెప్పింది అన్నారు. తాను శనివారాలు ఇటు వచ్చేది ఆ లెక్క వినడానికేనట. నేను ఊఁ కొట్టాను గానీ, ఆ కాపరికి ముందే చెప్పిపెట్టి ఇట్లా లెక్కపెట్టించి ఉంటాడని లోపల అనుకున్నాను. ఎంత అనుమానమంటే, మరుసటి ఆదివారం ఊరికి రెండోవైపున ఉన్న ఇంకొక మంద దగ్గరికి ఒక్కదాన్నే పోయి, గొర్రెపిల్లను కొనడానికి వచ్చినదానిలా నిలబడి విన్నాను. ఆ ముసలి కాపరి కూడా ఒందు, ఎరడు అనే మొదలుపెట్టాడు.

ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. కాపరులు కన్నడంలో లెక్కపెట్టినంతమాత్రాన ఇంగ్లీషు డూ సంగతి రుజువైపోతుందా అని నాకు నేనే వాదించుకున్నాను. వాదన సరైనదే. కానీ దాన్ని నేను ఆయన ముందుకు తీసుకుపోలేదు, హెడ్‌మాస్టరు దగ్గరికీ తీసుకుపోలేదు. ఆయన రిటైరైన రోజున దండ వేసి, ఫోటో తీయించుకుని, వీధి మలుపు దాకా నడిచి వెళ్లాం. అక్కడ ఆగి, “నువ్వు చదవలేదన్యావు, అబద్ధమని అనలేదు తల్లీ. ఆ ఒక్కటి నాకు జ్ఞాపకముంది” అన్నారు. నన్ను మన్నించి అన్నారో, దెప్పిపొడిచి అన్నారో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. తరువాత కొన్నేళ్లకు ఆయన పోయిన వార్త నేను బదిలీ మీద ముదిగుబ్బలో ఉండగా, పది రోజులు ఆలస్యంగా తెలిసింది.

వీడియో చూసిన మర్నాడు, యూనివర్సిటీలో భాషాశాస్త్రం చదువుతున్న మా చెల్లెలి మనవరాలికి ఫోన్ చేసి, ఈ డూ సంగతీ, గొర్రెల అంకెల సంగతీ నిజమేనా లేక ఉల్లిరసం బాపతా అని అడిగాను. ఆ పిల్ల నవ్వి, అది నిజంగా ఉన్న వాదమేననీ, ఒప్పుకునే పండితులూ ఒప్పుకోనివాళ్లూ ఉన్నారనీ, గొర్రెల అంకెలమీద కూడా తగువు ఉందనీ, ఏదీ ఇంకా తేలలేదనీ చెప్పింది. అంటే పెద్దసారు చెప్పింది ఒప్పని నేను ఈరోజు కూడా ప్రమాణం చేయలేను. అది నాకు ఒక ఊరట అవుతుందనుకున్నాను గానీ కాలేదు. తేలని మాట చెప్పినవాడిని మోసగాడని తేల్చేసింది నేనే కదా.

ఆ రోజుల్లో ఇట్లాంటిది కనుక్కోవాలంటే బస్సులు మారి అనంతపురం పోవాలి, పోయినా అక్కడ ఆ పుస్తకం ఉంటుందన్న నమ్మకం లేదు. ఇప్పుడు మంచంమీద నుంచి లేవకుండానే ఒక్క పూటలో తెలిసిపోయింది. అంతా సులువైపోయింది. హెడ్‌మాస్టరు గదిలో నేనన్న మాటకు “కనుక్కుని చెబుతాను సార్” అని ఒక్క ముక్క చేర్చి ఉంటే చాలునని ఈ వయసులో తోస్తోంది. ఇప్పుడు కనుక్కున్నాను. చెప్పడానికి ఆ గదిలో ఉన్నవాళ్లలో నేను తప్ప ఎవరూ మిగల్లేదు.